కాలవ వైపు నేను

ఆ ఊరికి వసంతం వచ్చిందని నేను దుకాణాల్ని చూసి తెలుసుకున్నాను. చలికాలమంతా తలుపులు బిగించుకుని కూర్చున్నవాళ్ళు ఒక ఉదయం సరుకు తెచ్చి కాలిబాట మీద పెట్టారు. పూలమ్మే ఆవిడ బకెట్లు, పాత పుస్తకాల ఆయన బల్లలు, కాఫీ హోటలు కుర్చీలు, అన్నీ వీధిలోకి వచ్చేశాయి. వాన అనుమానం ఉంటే ఏ వ్యాపారీ సరుకు బయట పెట్టడు. ఆ ధైర్యంతో నేనూ మందపు కోటు గదిలో వదిలేసి చెల్లితో బయల్దేరాను.

మాది గాజు సామాను షాపు. చెల్లి మొక్కల తెగుళ్ళ మీద పెద్ద చదువు కోసం ఆ పరాయి దేశం వెళ్ళింది. మరుసటేడు నాన్న నన్నూ పంపాడు, అదే యూనివర్సిటీలో ఏడాది పాటు వ్యాపారం చదువుకు రమ్మని. "అమ్మడం నీకొచ్చు. జనం ఎందుకు కొంటారో కూడా తెలుసుకుని రా" అన్నాడు. ఇద్దరం పాత మేడ మీద ఒకే గదిలో ఉండేవాళ్ళం.

నడిచేవాళ్ళ కోసం కట్టిన ఊరది. క్లాసులు, లాబ్, మార్కెట్టు, పార్కు అన్నీ కాళ్ళ మీద పోయి రాగలిగినంత దూరంలోనే ఉండేవి. మా ఊళ్ళో మేము నడిచి ఎరగం. ఒక గుమ్మం ముందు బండెక్కితే ఇంకో గుమ్మం ముందే దిగడం. చెల్లి చిన్నప్పుడు నాన్న స్కూటరు వెనక, పెద్దయ్యాక నా స్కూటరు వెనక కూర్చుని తిరిగిన పిల్ల. ఈ ఊరొచ్చాకే దాని చెప్పులు అరగడం చూశాను.

ఎండ రాగానే జనమంతా బయట పడ్డారు. గట్ల మీద కూర్చుని చదివేవాళ్ళు, వంతెన మీద వాయిద్యాలు వాయించేవాళ్ళు, గడ్డిలో దొర్లే పిల్లలు, ఎటు చూసినా సైకిళ్ళు. ఊరి మధ్యలో కాలవ. గట్టుకి కంచె లేదు. రాతి అంచు, దాని కింద నల్లటి నీళ్ళు.

"ఎవరూ పడరా ఇందులో?" అని అడిగాను.

"చూసుకుని నడుస్తారు కదే" అంది చెల్లి.

మొదటి అనుమానం నాకు ఒక చెయ్యి వల్ల వచ్చింది. కాఫీ హోటలు బయట ఎండలో కూర్చుని ఉంటే చెల్లి వాళ్ళ ప్రొఫెసరు అటుగా వెళ్తూ ఆగాడు. చెల్లి లేచి నిలబడింది. ఆయన మొహంలోకి చూస్తూ చక్కగా నవ్వింది, మాట్లాడింది. ఆయన చెయ్యి జాపాడు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. కాసేపటికి ఆయన ఆ చేత్తోనే కోటు గుండీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

"అదేంటే, పెద్దాయన చెయ్యిస్తే అలా వదిలేశావ్?"

"ఏ చెయ్యి?"

"షేక్‌హ్యాండ్ ఇవ్వబోయాడు కదా."

"పో అక్కా. ఎప్పుడిచ్చాడు?"

అబద్ధం చెప్పేటప్పుడు అది ముక్కు గోక్కుంటుంది. ఇప్పుడు గోక్కోలేదు.

షాపులో నాన్న నాకు మొదట నేర్పిన సంగతి ఒకటుంది. కప్పు కొనడానికి వచ్చినవాడి కన్ను పక్క అర మీదికి పోకుండా ఉండదు. కప్పుల పక్కన జగ్గులు పెట్టేది అందుకే. ఆ కన్ను ఎటు పోతుందో కనిపెట్టినవాడే వ్యాపారి. ఆ రోజు నుంచి నేను వీధిలో చెల్లి కన్ను కనిపెట్టడం మొదలుపెట్టాను. నడిచేవాళ్ళందరి చూపూ అటూ ఇటూ దుకాణాల అద్దాల మీదికి పోతోంది. చెల్లిది పోవడం లేదు. గంతలు కట్టిన గుర్రంలా తిన్నగా పోతోంది. ఎవరో ఒకావిడ కుక్కని పట్టుకుని పక్కన నిలబడితే చెల్లి ఆ తాడులో కాళ్ళు పెట్టింది. పూలావిడ బకెట్టు తన్నింది.

"అయ్యో, చూడలేదండీ" అని పూలన్నీ ఏరిపెట్టి, నాతో "మనింట్లో నా పేరే భూకంపం కదే" అని నవ్వింది.

నిజమే. ఇంట్లో దాని ముద్దుపేరు అదే. అది షాపులోకి వస్తే నాన్న "భూకంపం వస్తోంది, గ్లాసులు పట్టుకోండర్రా" అని కేకేసేవాడు. నడవాలు ఇరుకు, రెండు వైపులా అరలు. దాని మోచెయ్యి తగిలి జాడీలు పడేవి, మోకాలు తగిలి పళ్ళేల దొంతర్లు ఒరిగేవి. చివరికి నాన్న తేల్చేశాడు: "ఇది షాపుకి పనికిరాదు. దీన్ని చదివించాలి." అలా నేను గల్లాపెట్టె దగ్గరికి, అది చదువుకి వెళ్ళాం. గాజు అమ్మేవాళ్ళ ఇంట్లో వస్తువు పగిలితే ఎవరి చెయ్యి తగిలిందనే అడుగుతారు. ఎందుకు తగిలిందని అడిగినవాళ్ళు లేరు.

ఒక ఆదివారం పార్కులో గడ్డి మీద కూర్చున్నాం. చెల్లి పక్కనున్న మొక్క నుంచి ఆకు తుంపి ఎండకి పట్టింది.

"చూడు, తుప్పు తెగులు మొదలైంది దీనికి."

నాకు ఆకు పచ్చగానే కనిపించింది. అది గోటితో చూపిస్తే తెలిసింది, సూది మొనంత నారింజ రంగు చుక్క. ఇంత చుక్కని పట్టుకున్న కళ్ళకి ఏం రోగం ఉంటుంది? నా అనుమానమే పిచ్చిదనుకున్నాను. మనసు మాత్రం ఊరుకోలేదు. సంచీలోంచి కమలాపండు తీసి చప్పుడు చెయ్యకుండా ఒలిచాను. ఒక తొన తీసి దాని చెవి పక్కన పట్టుకున్నాను. అది చదువయ్యాక ఈ ఊళ్ళోనే ఉద్యోగం చూసుకుంటానని చెప్తోంది. తొనని కొంచెం ముందుకి జరిపాను. చెంప దాటింది. కంటి కొస దాటింది. చెల్లి ఎదురుగా చెట్లని చూస్తూ మాట్లాడుతూనే ఉంది. తొన దాదాపు ముక్కు ముందుకి వచ్చాక ఉలిక్కిపడింది.

"ఎప్పుడు ఒలిచావే? వాసనొస్తుంటే ఎవరో తింటున్నారనుకున్నా!"

తొన నోట్లో వేసుకుని నవ్వింది. నేనూ నవ్వాను. మిగతా పండంతా దాని చేతిలో పెట్టేశాను.

గాజు సరుకు పెట్టె వచ్చినప్పుడు విప్పకముందే ఒకసారి మెల్లగా ఊపి చూస్తాం. లోపల పగిలి ఉంటే చప్పుడు తెలుస్తుంది. ఎంత పగిలిందో మాత్రం విప్పితేగాని తెలియదు. నేను ఊపాను. చప్పుడు విన్నాను. విప్పే ధైర్యం లేకపోయింది.

ఆ రోజు నుంచి గట్టు మీద కాలవ వైపు నేను నడిచాను.

"ఏంటే, ఎప్పుడూ ఆ పక్కకే దూరతావ్?"

"నీళ్ళు చూడ్డానికి."

"నీళ్ళల్లో ఏముంది, బురద తప్ప?"

ఊరంతా వసంతంలో మునిగి తేలుతుంటే నాకు ఒక్కొక్క సరదా ఒక్కొక్క గండంలా కనిపించేది. మూడు చక్రాల బండి మీద పిల్ల ఎదురొస్తే గుండె దడ. కుర్చీ ఎవరైనా ఒక అడుగు ఇటు జరిపితే దడ. సైకిలు గంట వినిపిస్తే నేను చెల్లి చెయ్యి పట్టుకునేదాన్ని. "చిన్నపిల్లనా?" అని విదిలించుకునేది. ఎండ ఎక్కువసేపు ఉంటోందని అందరూ సంబరపడేవాళ్ళు. ఆ ఎండ పోయాక మసక వెలుతురులో చెల్లి అడుగులు చిన్నవి కావడం నేను చూస్తుండేదాన్ని.

అది జరిగిన సాయంత్రం వంతెన దగ్గర వాయిద్యాలు మోగుతున్నాయి. గట్టు మీద పాత సామాన్ల అంగడి పెట్టారు. అందులో నీలం గాజు సీసాలు ఒక వరస. చేత్తో ఊదిన గాజు. నా కన్ను పక్కకి పోయింది. సీసా ఎత్తి అడుగు చూసి దించేలోపల చెల్లి ముందుకి వెళ్ళిపోయింది. దాని ఎదురుగా సైకిలు వస్తోంది. గంట కొట్టాడు. చెల్లి పక్కకి తప్పుకుంది. కాలవ వైపు తప్పుకుంది.

పడవ తుడుచుకుంటున్న మనిషి కిందనుంచి అరిచాడు. నేను పరిగెత్తి సంచీ పట్టీ పట్టుకుని లాగాను. ఇద్దరం రాళ్ళ మీద పడ్డాం. పట్టీ తెగి సంచీ నీళ్ళల్లో పడింది. వాయిద్యాలు మోగుతూనే ఉన్నాయి. పడవ మనిషి కొక్కెం కర్రతో సంచీ తీసి గట్టు మీద పెట్టి, "తాగి నడవకండమ్మా" అని కసిరి వెళ్ళిపోయాడు.

చెల్లి లేవలేదు. నేల మీద అరచేతులు ఆనించి అలాగే కూర్చుంది.

"అక్కా, గట్టు చివర ఎటుంది?"

"నీ ఎడమ పక్కనే."

"ఎంత దూరం?"

నేను దాని చెయ్యి పట్టుకుని రాతి అంచు మీద పెట్టాను. వేళ్ళు అంచు దాటి కిందికి వంగగానే చెయ్యి లాక్కుంది.

వంతెన పక్క మెట్ల మీద కూర్చోబెట్టాను. మోకాలు గీసుకుపోయి రక్తం కారుతోంది. నా రుమాలుతో కట్టాను.

"ఎప్పట్నుంచే?"

"తెలిసింది ఈ చలికాలంలో. అంతకుముందు అందరికీ ఇంతే కనిపిస్తుందనుకున్నా."

"మరి ఇన్నాళ్ళూ ఎలా తిరిగావ్ ఈ ఊళ్ళో?"

"బట్టీ పట్టాను. చలికాలంలో ఊరు కదలదక్కా. ఏ మెట్టు ఎక్కడో, ఏ స్తంభం ఎక్కడో మొత్తం నేర్చుకున్నా. వసంతం వచ్చి పాడు చేసింది. రోజుకో చోట కుర్చీ, రోజుకో చోట బకెట్టు. జనం ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటారు."

"డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదు?"

"వెళ్తే దానికో పేరు పెడతారు. పేరు పెడితే నాన్నకి చెప్పాలి. నాన్నకి చెప్తే తీసుకుపోతాడు." మోకాలి మీది కట్టుని తడుముతూ అంది: "అక్కా, నాకు ఇక్కడ ఉండాలనుంది. నా అంతట నేను ఎక్కడికైనా వెళ్ళింది ఈ ఊళ్ళోనే."

కళ్ళ డాక్టరు నా వయసు మనిషే. చెల్లిని చీకటి గదిలో కూర్చోబెట్టి చాలాసేపు పరీక్షించింది. బయటికి వచ్చాక గుప్పిటని గొట్టంలా చుట్టి కంటికి పెట్టుకుని, నన్నూ పెట్టుకోమంది.

"మీ చెల్లెలికి ఇంతే కనిపిస్తుంది. మధ్యలో ఉన్నది స్పష్టంగా ఉంటుంది. చుట్టూ లేదు."

గొట్టంలోంచి చెల్లిని చూశాను. మొహం నిబ్బరంగా ఉంది. గుప్పిట తీసి చూస్తే ఒళ్ళో చేతులు రెండూ చొక్కా అంచుని నలిపేస్తున్నాయి.

"తగ్గుతుందా?"

"తగ్గదు. ఇంకా మూసుకుంటుంది. ఏళ్ళు పట్టచ్చు. ఎన్నేళ్ళని ఎవరూ చెప్పలేరు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

చెల్లి లేదంది. నాకు మాత్రం అమ్మ వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. తాతయ్యకి రేచీకటి ఉండేదని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఆ మాట చెప్తే డాక్టరు తల ఊపింది. తెల్లకర్రతో నడక నేర్పే ఆవిడ ఒకరున్నారని, కలవమని చెప్పింది.

"నాకు కర్ర అక్కర్లేదు" అంది చెల్లి.

మర్నాడు షాపుకి ఫోన్ చేశాను. నాన్న తీశాడు. సంగతంతా చెప్పాను. అవతల ఎవరో కప్పులు చుట్టమని అడుగుతున్నారు. నాన్న, "అయితే అది చిన్నప్పుడు... ఆ జాడీలూ, పళ్ళేలూ..." అని ఆగిపోయాడు. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు మారింది.

"తీసుకొచ్చెయ్. రేపే బయల్దేరండి. దాని కళ్ళు పోతే మనం లేమా? కంట్లో పెట్టుకుని చూసుకుంటాను. అడుగు కింద పెట్టనివ్వను."

ఆయన అన్నది ప్రేమతోనే. నాకు భయమేసింది.

అమ్మ విడిగా ఫోన్ చేసింది, డాబా మీదనుంచి. గాలి చప్పుడు వినిపిస్తోంది.

"దీపాలు పెట్టే వేళకి మెట్లు తడుముకుంటోందా అది?"

"నీకెలా తెలుసు?"

"మా నాన్నకి అలాగే మొదలైంది. మగవాళ్ళకే వస్తుందనుకున్నానే... తాతయ్య మీకు కుర్చీలో కూర్చున్న మనిషిగానే తెలుసు కదా. కుర్చీ ఎక్కేనాటికి ఆయన ఇంకా పేపరు చదివేవాడు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపించేది. ఎక్కడ పడతాడోనని మేమే లేవనివ్వలేదు. మంచినీళ్ళు అందించాం, చెప్పులు తొడిగాం, ఇటు నుంచి అటు తిరగాలన్నా చెయ్యి పట్టుకున్నాం. కళ్ళు పూర్తిగా పోకముందే ఆయన కాళ్ళు పోయాయి."

"నాన్నకి చెప్పరాదూ?"

"ముద్దు చేసేవాడిని వద్దంటే వింటాడా? నువ్వు వ్యాపారం చేసేదానివి. ఏది నష్టమో నువ్వే చూడు."

నేను ఆ మధ్యాహ్నం క్లాసు మానేసి గదినుంచి చెల్లి లాబ్ దాకా ఒక్కదాన్నే నడిచాను. ఒక కన్ను మూసి, రెండో కంటికి గుప్పిట గొట్టంలా పెట్టుకుని నడిచాను. జనం పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు, తప్పుకున్నారు. ఆ ఊళ్ళో రోడ్డు దాటే చోట కాలిబాట వాలుగా దిగుతుంది. సిగ్నల్ టిక్కుటిక్కుమని చెప్తుంది. గోడ పట్టుకుంటే మలుపు దాకా తెగదు. అన్నీ బాగున్నాయి. అంగళ్ళ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఒక పిల్లాడి బంతి తగిలి తూలిపడబోయాను. గట్టు మీదికి వచ్చాక పది అడుగులు వేసేలోపల గుప్పిట తీసేశాను.

ఏ బేరంలోనైనా రెండు వైపులా నష్టం రాసుకుంటాను. అప్పుడూ రాసుకున్నాను. ఇక్కడ ఉంటే కాలవ. అది ఒక్క క్షణంలో అయిపోయే నష్టం, రాకపోవచ్చు కూడా. ఇంటికి వెళ్తే కుర్చీ. అది తప్పకుండా వచ్చే నష్టం, రోజూ కొంచెం కొంచెంగా. లెక్క తేలింది. తేలినంత మాత్రాన గుండె దడ తగ్గలేదు.

సాయంత్రం చెల్లితో అన్నాను: "నువ్వు రావని నాన్నకి నేను చెప్తాను. నువ్వు కర్ర పట్టుకోవాలి."

"కర్ర పట్టుకుంటే అందరికీ తెలిసిపోతుందే."

"తెలియాలి. గాజు పెట్టె మీద పగిలే సరుకు అని రాయమా? రాస్తేనే జాగ్రత్తగా ఎత్తుతారు."

"నేను సరుకునా?"

"ఆ రాత నీ కోసం కాదే, సైకిళ్ళవాళ్ళ కోసం."

నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. కర్రకి ఒప్పుకోవడానికి ఇంకో వారం తీసుకుంది. ఆ వారం నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నాన్నకి ఫోన్ చేసి "రాదు నాన్నా" అన్నాను.

"నీ చదువు అయిపోతోంది. దాన్ని అక్కడ వదిలేసి నువ్వెలా వస్తావే?"

"ఎలా వస్తానో నాకూ తెలీదు."

ఫోన్ పెట్టేశాడు. చాలా రోజులు మాట్లాడలేదు. చివరికి ఒకరోజు అమ్మ చెప్పింది, షాపులో వడ్రంగి పని జరుగుతోందట. నడవాలకి అటూ ఇటూ కింది అరలన్నీ తీయించేస్తున్నాడట. సరుకు పెట్టే చోటు సగం పోయిందని పనివాళ్ళు గోల పెడితే, "సెలవులకి వచ్చే మనిషికి దారి ఉండద్దూ?" అన్నాడట.

నడక నేర్పే ఆవిడ పొట్టిగా, గట్టిగా ఉండేది. చెల్లిని ముందు ఖాళీ వీధుల్లో నడిపించింది, తర్వాత మార్కెట్లో, తర్వాత మసక వెలుతురులో. కర్ర కొసతో నేలని తట్టి దారి ఎలా అడగాలో నేర్పింది. నన్ను వెంట రానివ్వలేదు. "మీ ఊపిరి వినిపిస్తే ఆమె మీ మీద ఆనుకుంటుంది" అంది. చెట్లకి పూలు రాలిపోయి ఆకులు గుబురుగా నిండాయి. నా పరీక్షలు అయిపోయాయి. సామాను సర్దేశాను.

నేను బయల్దేరే ముందు శనివారం చెల్లి మొదటిసారి ఒంటరిగా గట్టు మీదుగా లాబ్‌కి వెళ్ళాలి. ఆ వసంతంలో అంత జనం నేను ఎప్పుడూ చూడలేదు. గట్టు పొడుగునా మనుషులు కాళ్ళు నీళ్ళలోకి వేలాడేసి కూర్చున్నారు. చెల్లి మెట్లు దిగి, కర్ర విప్పి, ఒక నిమిషం నిలబడి బయల్దేరింది. నేను గదిలోనే ఉంటానని మాటిచ్చాను. అయినా చెప్పులు చేత్తో పట్టుకుని, మేజోళ్ళతోనే, దూరంగా వెనకాల నడిచాను. కర్ర అంచుకి తగిలినప్పుడల్లా నేను రెండడుగులు ముందుకి ఉరికి ఆగేదాన్ని. అది మాత్రం ఆగి, జరిగి, మళ్ళీ నడుస్తోంది.

వంతెన దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు.

"అక్కా."

నేను పక్కనున్న స్తంభం చాటుకి జరిగాను.

"నీ సబ్బు వాసనొస్తోంది. వెళ్ళిపో."

"వంతెన దాకా వస్తానే."

"వంతెన దగ్గరే ఉన్నాం. రేపు ఎలాగూ వెళ్తావ్ కదా. ఇవాళే వెళ్ళు."

కోపంగా అనలేదు. షాపు మూసేవేళ చివరి మనిషితో చెప్పినట్టు నెమ్మదిగా అంది. దాని భుజాలు బిగుసుకుని ఉన్నాయి. నాకు ఎంత భయంగా ఉందో దానికీ అంతే భయంగా ఉంది. కర్ర ముందుకి జాపి నేలని అడిగి, జనంలోకి అడుగు వేసింది.

నేను రాతి మీద కూర్చుని చెప్పులు తొడుక్కున్నాను. గది వైపు తిరిగాను. కొంచెం దూరం వెళ్ళానో లేదో వెనక ఎవరో గట్టిగా అరిచారు. ఆ వెంటనే చాలామంది గొంతులు. పిల్లలు ఆడుకుంటూ వేసిన కేకలే అనుకున్నాను. అలా అనుకుంటూనే, మెడ తిప్పకుండా, మలుపు దాకా నడిచాను.